దోమ పాట ఎవరి కోసం?



వానలు మొదలయ్యాయంటే పేరెంట్-టీచర్ మీటింగుల్లో మార్కుల తర్వాత ఎక్కువగా నడిచే మాట దోమల గురించే. ఈమధ్య మా టీచర్లను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మేడమ్, ఫోన్‌లో శబ్దం చేసి దోమల్ని తరిమే యాప్ ఉందట కదా, పిల్లలు పడుకునే గదిలో పెట్టొచ్చా?" పిల్లలు అడిగే ప్రశ్న వేరు. "టీచర్, దోమ ఎప్పుడూ చెవి దగ్గరికే వచ్చి ఎందుకు పాడుతుంది?"

చిత్రమేమిటంటే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. దోమ శబ్దం అసలు ఎందుకు పుడుతుందో, దాన్ని ఎవరు వింటారో తెలిస్తే, యాప్ పనిచేస్తుందా లేదా అన్నది మీరే తేల్చుకోగలరు. రాత్రి భోజనం దగ్గర పిల్లలకు చెప్పడానికి ఒక మంచి కథ కూడా దొరుకుతుంది. అందులో సంగీతం ఉంది, ఆరో తరగతి లెక్క ఉంది, మన సికింద్రాబాద్ కూడా ఉంది.

గొంతు లేని పాట

దోమకు గొంతు లేదు. మనం వినే ఆ "జుయ్" శబ్దం రెక్కలది. రెక్క ఊగినప్పుడల్లా గాలి కాస్త కదులుతుంది. సెకనుకు కొన్ని వందల సార్లు అలా కదిలితే ఆ కదలికలన్నీ కలిసి మన చెవికి ఒకే స్వరంగా వినిపిస్తాయి. సెకనుకు ఎన్నిసార్లు ఊగిందో ఆ సంఖ్యనే పౌనఃపున్యం అంటాం, హెర్ట్జ్‌లలో కొలుస్తాం. పిల్లల ఫిజిక్స్ పుస్తకంలో ఉన్న మాటే ఇది.

డెంగ్యూను వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టై ఆడదోమ సెకనుకు దాదాపు 400 సార్లు రెక్కలాడిస్తుంది. నిమిషానికి లెక్కేస్తే 24,000 సార్లు. అదే జాతి మగదోమ ఒంటి సైజు చిన్నది, రెక్కల వేగం ఎక్కువ. సెకనుకు సుమారు 600 సార్లు. తేనెటీగ చూస్తే సుమారు 230 సార్లే. అందుకే తేనెటీగది మంద్రంగా "ఝుం" అన్నట్టుంటే, దోమది సన్నగా సూదిలా గుచ్చుతుంది.

ఇంత వేగం దోమకు ఎందుకు కావాలి? 2017లో బ్రిటన్ శాస్త్రవేత్తలు హైస్పీడ్ కెమెరాలతో దోమ ఎగరడాన్ని చిత్రీకరించి చూశారు. దోమ రెక్క ఒక్కో ఊపులో తిరిగేది 40 డిగ్రీల మేరకే. తేనెటీగ ఊపులో అది సగం కూడా కాదు. ఊపు చిన్నది కాబట్టి, గాలిలో నిలబడాలంటే గబగబా ఊపక తప్పదు. ఆ తొందరే మన చెవిలో సన్నని పాటగా వినిపిస్తుంది.

చెవి దగ్గరికే ఎందుకు?

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వద్దాం. దోమకు మన చెవితో పనేమీ లేదు. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఒంటి వెచ్చదనం, చెమట వాసన కూడా తోడవుతాయి. ఆడదోమ వీటి జాడ పట్టుకునే మన దగ్గరికి వస్తుంది. ఊపిరి బయటికి వచ్చేది ముఖం దగ్గర. కాబట్టి తల చుట్టూ తిరగడం సహజం. కాళ్ల దగ్గరా తిరుగుతుంది, కానీ ఆ శబ్దం చాలా చిన్నది, మనకు వినపడదు. చెవికి రెండు మూడు అంగుళాల దూరంలోకి వచ్చినప్పుడే వినిపిస్తుంది. అందుకే "ఎప్పుడూ చెవి దగ్గరే" అనిపిస్తుంది.

మరో సంగతి పిల్లలకు తప్పక చెప్పండి. కుట్టేది ఆడదోమ మాత్రమే. గుడ్లు తయారవడానికి దానికి రక్తంలోని ప్రొటీన్ కావాలి. మగదోమ పూల తేనె, మొక్కల రసాలు తాగి బతుకుతుంది. నిద్ర చెడగొట్టే ఆ పాట ఆడదోమదే. అయితే ఆ పాట మన కోసం కాదు. దాన్ని శ్రద్ధగా వినే శ్రోత వేరే ఉన్నాడు.

మీసాలే చెవులు

ఆ శ్రోత మగదోమ. అతని చెవులు తలకు అటూ ఇటూ ఉండవు, తల ముందు మీసాల్లా కనిపించే స్పర్శశృంగాల్లో ఉంటాయి. భూతద్దంతో చూస్తే ఆడ, మగ తేడా ఇట్టే తెలుస్తుంది. ఆడదోమ స్పర్శశృంగానికి అక్కడక్కడా పలచగా వెంట్రుకలుంటాయి. మగదోమది సీసాలు కడిగే బ్రష్షులా గుబురుగా ఉంటుంది.

మన చెవిలో కర్ణభేరి గాలి ఒత్తిడికి కదులుతుంది. దోమకు కర్ణభేరి లేదు. శబ్దం వచ్చినప్పుడు గాలి అణువులు ముందుకూ వెనక్కూ ఊగుతాయి కదా, ఆ ఊపుకు స్పర్శశృంగం కూడా గాలికి గడ్డిపోచ ఊగినట్టు ఊగుతుంది. దాని మొదట్లో చిన్న బుడిపె లాంటి భాగం ఒకటుంది. అందులో ఉండే అవయవమే ఈ ఊపును నాడీ సంకేతంగా మారుస్తుంది. మగదోమలో ఒక్కో స్పర్శశృంగం అడుగున దాదాపు 15,000 గ్రాహక కణాలు ఉంటాయి. మనిషి లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు కూడా సుమారు అన్నే. ఆవగింజ కన్నా ఎంతో చిన్న చోట మన చెవికున్నంత సరంజామా!

ఈ అవయవాన్ని 1855లో వివరించింది అమెరికాలోని బాల్టిమోర్ వైద్యుడు క్రిస్టఫర్ జాన్‌స్టన్. ఇప్పటికీ దాన్ని "జాన్‌స్టన్ అవయవం" అనే పిలుస్తారు.

శృతిదండం నుంచి దీపాల దాకా

జాన్‌స్టన్ తర్వాత 1874లో ఆల్ఫ్రెడ్ మేయర్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఒక చక్కని ప్రయోగం చేశాడు. మగదోమను గాజు పలక మీద అంటించి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. పక్కన రకరకాల శృతిదండాలు మోగించాడు. కొన్ని స్వరాలకు స్పర్శశృంగం మీది వెంట్రుకలు బలంగా ఊగాయి, మరికొన్నిటికి అంతగా కదల్లేదు. అంటే ఆ వెంట్రుకలు ఫలానా స్వరానికే శ్రుతి చేసి ఉన్నాయన్నమాట.

నాలుగేళ్ల తర్వాత, 1878లో, మరో సంగతి అనుకోకుండా బయటపడింది. మాక్సిమ్ తుపాకీతో పేరు తెచ్చుకున్న హైరమ్ మాక్సిమ్ అప్పట్లో విద్యుద్దీపాల పని చేసేవాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్‌లో ఒక హోటల్‌కు దీపాలు అమర్చాడు. అక్కడ సన్నగా మోగే ఒక విద్యుత్ పరికరం మీద దోమలు గుంపుగా వాలడం గమనించాడు. దగ్గరికెళ్లి చూస్తే అన్నీ మగదోమలే. ఆ పరికరం మోత ఆడదోమ రెక్కల స్వరానికి దగ్గరగా ఉంది, పాపం అవి మోసపోయాయి.

1948లో లూయిస్ రాత్ అనే కీటక శాస్త్రవేత్త ఈ విషయాన్ని ఈడిస్ ఈజిప్టై దోమలపై పద్ధతిగా పరీక్షించాడు. ఊరికే వాలి ఉన్న ఆడదోమను మగదోమ పట్టించుకోదు. అది ఎగిరితే వెంటనే వెంటపడుతుంది. ఆడదోమ లేకపోయినా, ఆ స్వరంలో శృతిదండం మోగిస్తే దాని వైపు కూడా వెళ్తుంది. మగదోమకు ఆడదోమ జాడ చెప్పేవాటిలో రెక్కల పాటదే పెద్ద పీట అని ఆ పనితో గట్టిపడింది.

అప్పుడే పుట్టిన మగదోమకు ఈ పాట పట్టదు. ప్యూపా నుంచి బయటికి వచ్చాక ఒక రోజు వరకు దాని స్పర్శశృంగాల వెంట్రుకలు విచ్చుకోవు. విచ్చుకున్నాకే చెవులు పనిచేస్తాయి. మలేరియాను మోసే అనాఫిలిస్‌లోనైతే మగదోమలు పగలంతా ఆ వెంట్రుకలు ముడుచుకునే ఉంచుతాయి. సూర్యాస్తమయం వేళ గుంపులుగా ఎగిరే సమయానికి విప్పుతాయి. సాయంత్రం ఇంటి ముందు తలకు పైన పొగలా తిరిగే సన్నని పురుగుల గుంపును మీరు చూసే ఉంటారు. దోమల గుంపులు కూడా అలాగే ఉంటాయి. ఎగిరేవి దాదాపు అన్నీ మగవే, ఆడదోమ ఒక్కొక్కటిగా ఆ గుంపులోకి వస్తుంది.

400, 600, వాటి క.సా.గు.

ఇంతవరకు కథలో మగదోమ వినేవాడు, ఆడదోమ వినిపించేది. 2006 తర్వాత కథ మారింది. ఆ ఏడు బ్రిటన్‌కు చెందిన గాబ్రియెల్లా గిబ్సన్, ఇయాన్ రసెల్ టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమలపై ప్రయోగం చేశారు. ఇది రక్తం తాగని జాతి. దోమను సన్నని తీగకు జిగురుతో అంటిస్తే అది అక్కడే ఉండి ఎగురుతూ ఉంటుంది. అలా ఒక ఆడ, ఒక మగ దోమను దగ్గరగా ఉంచితే, రెండూ తమ రెక్కల వేగం మార్చుకుంటూ ఒకే స్వరానికి వచ్చాయి. రెండు మగదోమలనో, రెండు ఆడదోమలనో పెడితే మాత్రం స్వరాలు దూరంగా జరిగాయి. ఆడదోమ కూడా వింటోంది, జవాబు ఇస్తోంది అని దీనితో తెలిసింది.

మరి ఈడిస్ సంగతి? అక్కడ ఆడదోమది 400, మగదోమది 600. అంత తేడాను రెండూ దాటి ఒకే చోటికి రావడం కష్టం. 2009లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం ఈ చిక్కు విప్పింది.

ఏ తీగను మీటినా, ఏ రెక్క ఊగినా ఒక్క స్వరమే రాదు. మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల స్వరాలు కూడా సన్నగా పుడతాయి. వీటిని అనుస్వరాలు అంటారు. వీణకూ వేణువుకూ నాదంలో తేడా తెలిసేది ఇవి వేర్వేరు పాళ్లలో ఉండటం వల్లే. ఆడదోమ స్వరాలు వరుసగా రాస్తే 400, 800, 1200. మగదోమవి 600, 1200. రెండు వరుసల్లోనూ కనిపించే మొదటి సంఖ్య 1200.

మీ పాపో బాబో ఆరో తరగతిలో ఉంటే ఇక్కడ ఆగి అడగండి: 400, 600 ల క.సా.గు. ఎంత? 1200! సరిగ్గా ఆ 1200 హెర్ట్జ్ దగ్గరే ఈడిస్ జంట కలుస్తోందని కార్నెల్ బృందం రికార్డు చేసింది. జంట దగ్గరైనప్పుడు రెండూ రెక్కల వేగాన్ని అటూ ఇటూ సర్దుకుని, ఆడదోమ మూడో స్వరం, మగదోమ రెండో స్వరం ఒకటయ్యేలా చేస్తాయి. దోమ చెవి అంత పైస్వరాలు వినలేదని అప్పటిదాకా అనుకునేవారు. దాదాపు 2000 హెర్ట్జ్ వరకు వినగలదని ఈ పరిశోధన చూపించింది.

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఇంకో ముచ్చట ఉంది. 400, 600 నిష్పత్తి 2:3. మన సంగీతంలో షడ్జమానికీ పంచమానికీ ఉన్న నిష్పత్తి అదే. తంబురా మీద నిత్యం మోగే "స – ప" జంట. ఆడదోమ "స" పడితే మగదోమ "ప" పట్టినట్టే.

ఈ సర్దుబాటుకు ఫలితం ఉందా? అదే బృందంలోని శాస్త్రవేత్తలు 2011లో దాన్నీ చూశారు. శ్రుతి కలిసిన జంటలకు పుట్టిన మగదోమలు తామూ జత దొరకడంలో ముందున్నాయి. అంటే ఆడదోమకు ఈ పాట ఒక రకంగా పెళ్లిచూపులు కావచ్చు. అయితే ఇందులో ఆడదోమ ఎంపిక ఎంత, మగదోమ వెంటాడే నేర్పు ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా సాగుతూనే ఉంది.

తానూ ఎగిరితేనే ఆమె వినపడుతుంది

ఇంకో చమత్కారం ఉంది. ఎగురుతున్న మగదోమ రెక్కలే పెద్దగా మోగుతుంటాయి. ఆ రొదలో ఎక్కడో ఉన్న ఆడదోమ సన్నని పాట ఎలా వింటుంది? తన గొడవే తనకు అడ్డం కావాలి కదా.

క్యూలెక్స్ దోమలపై 2009లో జరిగిన పరిశోధన దీనికి జవాబిచ్చింది. రెండు స్వరాలు ఒకేసారి స్పర్శశృంగాన్ని ఊపినప్పుడు, అది వాటిని ఉన్నదున్నట్టు లోపలికి పంపదు. రెండిటినీ కలిపి కొత్త స్వరాలు పుట్టిస్తుంది. వాటిలో ఒకటి రెండిటి తేడా. ఒకటి 600, మరొకటి 400 అయితే 200 హెర్ట్జ్ స్వరం. అది బయటి గాలిలో ఎక్కడా లేదు, దోమ చెవిలోనే పుట్టింది. దోమ నాడులు బాగా పట్టుకునేది ఈ తక్కువ స్వరాన్నే. అంటే మగదోమ తన రెక్కల మోతను అడ్డంకిగా కాక సాధనంగా వాడుకుంటోంది. తాను ఎగరకపోతే ఆమె పాట అతనికి అంతగా వినపడదు.

ఈ వినికిడి మగదోమకు ఎంత ప్రాణమో 2024లో మరింత స్పష్టమైంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరా బృందం ఈడిస్ ఈజిప్టైలో వినికిడికి అవసరమైన ఒక జన్యువును తొలగించింది. ఆ మగదోమలకు పూర్తిగా చెవుడు వచ్చింది. వాటిని ఆడదోమలతో ఒకే పంజరంలో మూడు రోజులు ఉంచినా ఒక్కటీ జత కట్టలేదు. మామూలు మగదోమలైతే కొద్ది నిమిషాల్లోనే కట్టేస్తాయి.

ఇదంతా మనకెందుకు?

మన దగ్గరి కథ ఒకటి గుర్తుచేసుకుందాం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమ నాలుగు రోజుల ముందు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగింది. మలేరియాకు దోమకు సంబంధం ఉందని చూపిన ఆ పనికి రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకునేది అందుకే. ఆయన పనిచేసిన భవనం నేటికీ బేగంపేటలో ఉంది. సెలవు రోజున పిల్లలకు చూపించదగ్గ చోటు.

రాస్ నాటి నుంచి మన పోరాటం ఎక్కువగా మందు కొట్టడమే. దోమలు మందులకు అలవాటుపడుతున్నాయి. అందుకే ఇప్పుడు దోమ జత కట్టే తీరు మీదే దృష్టి పెడుతున్నారు. ఈడిస్ ఆడదోమ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జత కడుతుంది. ఆ ఒక్కసారీ జత కట్టింది పిల్లలు పుట్టించలేని మగదోమతోనైతే దాని గుడ్లన్నీ వృథా. అలాంటి మగదోమలను ప్రయోగశాలలో పెంచి వదిలే పద్ధతులు ఉన్నాయి.

మరో పద్ధతిలో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న దోమలను వదులుతారు. ఈ బ్యాక్టీరియా ఉన్న ఈడిస్ దోమలో డెంగ్యూ వైరస్ సరిగ్గా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తా నగరంలో ఈ దోమలను వదిలిన ప్రాంతాల్లో డెంగ్యూ కేసులు 77 శాతం తగ్గినట్టు 2021లో ప్రచురించారు. మన దేశంలోనూ పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం వోల్బాకియా ఉన్న ఈడిస్ దోమలను 2022 నాటికి తయారుచేసింది.

ఇక్కడే పాట మళ్లీ ముందుకు వస్తుంది. ప్రయోగశాలలో పెరిగిన మగదోమ ఎంత ఆరోగ్యంగా ఉన్నా, బయటి ఆడదోమ పాటను పట్టుకోలేకపోతే, ఆమె శ్రుతికి తన శ్రుతి కలపలేకపోతే, ఆ శ్రమంతా వృథా. కాబట్టి ఈ 400, 600 లెక్కలు వినోదం కోసం కాదు. ఊరిలో డెంగ్యూ తగ్గుతుందా లేదా అన్నదానితో ముడిపడినవి.

పాట ఇంకోలా కూడా పనికొస్తోంది. ఒక్కో దోమ జాతి రెక్కల స్వరం ఒక్కోలా ఉంటుంది కాబట్టి, 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం మామూలు మొబైల్ ఫోన్‌తోనే దోమ శబ్దాన్ని రికార్డు చేసి జాతిని గుర్తించవచ్చని చూపింది. ఖరీదైన ఫోన్ అక్కర్లేదు, పాతకాలపు మడత ఫోన్ చాలు.

మరి యాప్ సంగతి?

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. ఈ యాప్‌లు, ప్లగ్‌లో పెట్టే పరికరాలు రెండు మాటలు చెబుతుంటాయి. ఒకటి, అతిధ్వనులతో దోమలు పారిపోతాయని. అతిధ్వని అంటే 20,000 హెర్ట్జ్‌కు పైన. ఈడిస్ చెవికి అందుతుందని తేలిన 2000 హెర్ట్జ్‌కు ఇది పదింతలు. ఆ చెవి శ్రుతి చేసుకున్నది పక్కనే ఎగిరే మరో దోమ రెక్కల స్వరానికి. వినపడని శబ్దానికి భయపడటం ఎక్కడిది?

రెండోది, మగదోమ శబ్దం వినిపిస్తే, అప్పటికే జత కట్టిన ఆడదోమ దూరంగా పోతుందని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రక్తం కోసం వచ్చే దోమను నడిపించేవి మన ఊపిరి, వాసన, వెచ్చదనం. ఊహలతో పనిలేకుండా జనం మధ్యే పరీక్షించి చూశారు కూడా. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2007లో ఇలాంటి 10 క్షేత్ర పరీక్షలను పరిశీలించింది. పరికరం ఉన్నా లేకపోయినా ఒంటి మీద వాలే దోమల సంఖ్య తగ్గలేదు. ఈ పరికరాలను సిఫార్సు చేయడానికి ఆధారం లేదని తేల్చింది.

"పనిచేయకపోతే పోనీ, నష్టం ఏముంది?" అనుకోవచ్చు. యాప్ ఉంది కదా అని దోమతెర కట్టకపోతే, కిటికీ తెరిచి ఉంచితే, అదే నష్టం. పిల్లల విషయంలో ఆ ధీమా వద్దు.

ఇంట్లో ఏం చేయాలి?

దోమను శబ్దంతో తరమలేం, పుట్టకుండా ఆపగలం. ఈడిస్ మురుగులో కాదు, మంచి నీటిలో గుడ్లు పెడుతుంది. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం, డాబా మీది పాత టైరు, మూతలేని డ్రమ్ము, కొబ్బరి చిప్ప, ఇవన్నీ దానికి పురిటి గదులే. మన వాతావరణంలో గుడ్డు నుంచి దోమ కావడానికి దాదాపు 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికి ఒకసారి నీళ్లన్నీ పారబోస్తే ఆ చక్రం తెగిపోతుంది. మన దగ్గర శుక్రవారం "డ్రై డే" అని పెట్టింది ఈ లెక్కతోనే. పారబోసి వదిలేయకండి, పాత్ర గోడలను పీచుతో తోమాలి. ఈడిస్ గుడ్లు గోడకు అంటుకుని, నీరు లేకపోయినా నెలల తరబడి బతకగలవు. మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలు బయటికి వస్తాయి.

ఈడిస్ పగలు కుడుతుంది, పొద్దున, సాయంత్రం వేళల్లో మరీ ఎక్కువ. అంటే బడి వేళల్లోనే. కాబట్టి వానాకాలంలో పిల్లలను నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు లేదా సాక్సులతో పంపండి. చిన్న పిల్లలకు దోమల క్రీము రాసే ముందు డాక్టర్‌ను అడగండి. మధ్యాహ్నం కునుకు తీసే పసివాళ్లకు పగలు కూడా దోమతెర కట్టండి.

జ్వరం వస్తే బడికి పంపకండి, హాజరు గురించి దిగులు వద్దు. డాక్టర్ చెప్పకుండా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకండి. డెంగ్యూ అయితే వాటివల్ల రక్తస్రావం ముదరవచ్చు. జ్వరం తగ్గినంత మాత్రాన తేరుకున్నట్టు కాదు. డెంగ్యూలో ప్రమాదం తరచూ జ్వరం దిగే రోజుల్లోనే మొదలవుతుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మరీ నీరసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిల్లలతో కలిసి చేసి చూడండి

ఫోన్లలో స్వరాలు మోగించే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. ఈ యాప్ దోమల్ని తరమడానికి కాదు, వినడానికి! ఒక ఫోన్‌లో 400, మరో ఫోన్‌లో 600 హెర్ట్జ్ పెట్టి, శబ్దం బాగా తగ్గించి, ముందు విడివిడిగా, తర్వాత కలిపి వినండి. "స – ప" వినిపిస్తుందేమో పాపను అడగండి. తర్వాత 600ను మెల్లగా 590, 580కి దించుతూ పోతే ఆ పొందిక ఎలా చెదిరిపోతుందో గమనించండి. ఇక కాగితం మీద 400, 600 గుణిజాలు రాయించి, కలిసే మొదటి సంఖ్యకు సున్నా చుట్టించండి. శుక్రవారం నాడు అదే పిల్లల్ని వెంటబెట్టుకుని డాబా ఎక్కి, నీళ్లు నిలిచిన చోట్లను లెక్కపెట్టండి. అవి సున్నా అయ్యేదాకా దిగి రాకండి.

ఈ రాత్రి చెవి దగ్గర ఆ "జుయ్" వినపడితే విసుక్కోండి, తప్పులేదు. చేత్తో తోలేసి, లేచి దోమతెర అంచు పరుపు కిందికి సరిగ్గా దోపండి. ఆ 400 హెర్ట్జ్ పాట మన కోసం కాదు, అది వినవలసినవాడు వేరే ఉన్నాడు.